ముందు ఎంచుకున్నది నేనే

జనవరి 8, ఆదివారం

ఇవాళ్టి యుద్ధానికి కారణం చూపు. తిండి కాదు, బొమ్మ కాదు. చూపు.

"అమ్మా, అన్నయ్య నా వంక చూస్తున్నాడు."

"చూస్తే అరిగిపోతావా?"

"ఇదిగో, మళ్ళీ చూశాడు!"

"నేను గోడ చూస్తున్నాను. గోడకి అడ్డంగా నువ్వు కూర్చున్నావు. నేరం నీదే."

పన్నెండేళ్ళకే ఈ వాదన. వీడికి ప్లీడరని పేరు పెట్టింది నేనే. ఎనిమిదేళ్ళ దానికి పేచీ అని పేరు పెట్టింది వాళ్ళ నాన్న. ఇద్దరూ మా పేర్లు నిలబెడుతున్నారు. స్కూల్లో వేసిన పేర్లు హాజరు పిలిచే టీచరుకి తప్ప ఎవరికీ గుర్తులేవు.

సాయంత్రానికి బన్ను దగ్గర రెండో యుద్ధం. మా ఇంట్లో చట్టం ఒక్కటే: ఒకరు కొయ్యాలి, రెండోవాళ్ళు ముందు ఎంచుకోవాలి. స్వార్థంతో కోస్తే కోసినవాడికే చిన్నముక్క. ప్లీడరు స్కేలు తెచ్చి, పెన్సిల్తో గీత గీసి, చెమటలు పట్టేలా కోశాడు. పేచీ బల్ల అంచుకి గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, అచ్చం వాళ్ళ నాన్న పొలంగట్టు కొలిచినట్టు రెండు ముక్కలూ పావుగంట కొలిచింది. ఎంచుకున్నాక, "నాకు ఆకలి లేదు" అని వెళ్ళిపోయింది. వాడు ఏడ్చినంత పని చేశాడు.

రాసేశాను. "ఇంటి పంచాయితీ" పదకొండో వారం. ఇరవై ఏళ్ళు యజమానుల మీదా, మగాళ్ళ మీదా, మంత్రుల మీదా నిప్పులు కక్కినదాన్ని ఇప్పుడు బన్నుముక్క మీద రాస్తున్నాను. "మేడమ్, మీ కోపం చదివి పాఠకులకి బీపీలొస్తున్నాయి, ఇంట్లో పిల్లల గొడవలు సరదాగా రాయండి" అన్నాడు సంపాదకుడు. రాస్తే, ఇరవై ఏళ్ళలో రానన్ని ఉత్తరాలు మూడు నెలల్లో వచ్చాయి. పోయిన వారం దుప్పటి గొడవకైతే ముప్పైరెండు. వానొచ్చిందంటే చాలు, పేచీ వెళ్ళి వాడి మంచమెక్కి తన దుప్పటి లాక్కున్నాడని తగువు పెట్టుకుంటుంది. దుప్పటేమో తను చంకలో పెట్టుకుని తీసుకెళ్ళిందే.

ఈ జనానికి అన్యాయం మీద రాస్తే నిద్రొస్తుంది. దుప్పటి మీద రాస్తే మెలకువొస్తుంది.

జనవరి 11

మా ఇంటాయన సర్వేయరు ఇవాళ కూడా నాతో వాదించలేదు. ఏమన్నా "సరే" అంటున్నాడు.

జనవరి 14

మూడు సరేలు.

జనవరి 17, మంగళవారం

"విడిగా ఉందామా?" అన్నాడు, బూట్ల మట్టి గుమ్మం దగ్గర దులుపుతూ. సర్వేయరు, కొలతల మనిషి, ఇరవై నాలుగ్గంటల్లో ఇరవై మాటలు మాట్లాడితే ఎక్కువ.

"ఎవరైనా ఉన్నారా?" అన్నాను. ఆ ప్రశ్న అడిగినందుకు నా మీద నాకే చిరాకు.

"ఎవరూ లేరు. పదహారేళ్ళుగా నీ ముందు బోనులో నిలబడినట్టుంది. కాళ్ళు లాగుతున్నాయి."

"నేను అడిగినవాటిలో తప్పేదైనా ఉంటే చెప్పు."

"ఇదిగో, ఇదే."

నేను సరే అన్నాను. అతని మాట అతనికే అప్పజెప్పాను.

ఏడుపులూ పెడబొబ్బలూ లేవు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పరువు తీసుకోవడం లేదు. మనుషుల్లా విడిపోదాం అనుకున్నాం. "మరి పంపకం?" అన్నాడు. "పిల్లలు చేసుకున్నట్టే" అన్నాను నేనే. "నువ్వు కొయ్యి, నేను ఎంచుకుంటాను."

అతను నావైపు చాలాసేపు చూశాడు. తర్వాత సరే అన్నాడు.

జనవరి 22, ఆదివారం

రెండు కాగితాలు తెచ్చాడు. పటాల మీద రాసే ఆ గుండ్రటి అక్షరాలతోనే రాశాడు. ఒకదాన్లో: ఈ వాటా, పుస్తకాల బీరువా, రేడియో, పేచీ. ఇంకోదాన్లో: స్కూటరు, ఫ్రిజ్జు, పెద్ద బల్ల, ప్లీడరు. పైన ఒకటి, రెండు అని అంకెలు వేసి సున్నాలు చుట్టాడు.

బయట మెట్ల మీద వాళ్ళిద్దరూ దేనికోసమో పీక్కుంటున్నారు. "అది నాది!" "నీ పేరు రాసుందా దానిమీద?" "రాస్తా, పెన్సిలియ్యి!" "పెన్సిలు నాది!"

నాకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు.

ఒకటో కాగితం తీసుకున్నాను.

జనవరి 23

ఎందుకు తీసుకోకూడదు? తల్లన్నాక పిల్లలిద్దరూ తల్లికే కావాలనడం ఏ కాలం మాట? పిల్లలు తల్లి సొత్తు కాదని, పెంపకం మగాడి పని కూడానని, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని వ్యాసం రాసినదాన్ని. ఇవాళ నా దాకా వచ్చేసరికి "నా కడుపున పుట్టారు" అని గుండెలు బాదుకోనా? అలా బాదుకునేవాళ్ళని నేను ఎన్నిసార్లు ఏకిపారేశానో!

ఒకటో కాగితం ఎందుకంటే, అందులో పుస్తకాలున్నాయి. పేచీ చిన్నది. దాని బడి దగ్గర. వాడికి మగదిక్కు... ఛీ, ఈ మాట కొట్టేస్తున్నాను. వాడికి నాన్నతో బాగా పడుతుంది.

పైగా వీళ్ళిద్దరూ ఒకచోట పడి ఉండలేరు. ఉప్పూ నిప్పూ. పంచాయితీ చేసి చేసి నా గొంతు పోయింది. వేరేగా ఉంటే వాళ్ళకే సుఖం.

జనవరి 29, ఆదివారం

ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాం. నేనే చెప్పాను, అతను పక్కన కూర్చుని బల్ల చెక్క గీరాడు. ఎవరి మీదా ఎవరికీ కోపం లేదని, రెండు ఇళ్ళుంటాయని, బస్సెక్కితే ముప్పావుగంటని, ప్రతి ఆదివారం కలుసుకుంటారని.



"అయితే కిటికీ పక్క మంచం నాదేనా?" అంది పేచీ.

"అది నాది" అన్నాడు ప్లీడరు.

"నువ్వుండవు కదా!"

"ఉన్నా లేకపోయినా అది నాదే."

"అమ్మా, చూడు, ఇంట్లో లేనివాడికి మంచమెలా ఉంటుంది?"

ఇదిగో, ఇదీ వీళ్ళ బాధ! మంచం! అనవసరంగా నాలుగు రోజులు నిద్రపాడు చేసుకున్నాను. సర్వేయరు మాత్రం లేచి కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చాడు.

ఫిబ్రవరి 5, ఆదివారం

ఆటో వచ్చింది. సామాను ఎక్కించారు. ప్లీడరు తన బ్యాగు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పేచీ గేటు పట్టుకుని ఊగుతూ, "అన్నయ్యా, నా రబ్బరు నీ పెట్టెలో ఉంది, దొంగా" అంది. వాడు ఆటో దిగాడు. పెట్టె విప్పాడు. రబ్బరు తీసి ఇచ్చాడు. మళ్ళీ ఎక్కాడు.

అది రబ్బరు పట్టుకుని నిలబడింది. "ఇది నాది కాదు, నీదే" అంది. అప్పటికే ఆటో మలుపు తిరిగింది.

ఫిబ్రవరి 6

ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఒకే విడతలో వ్యాసం పూర్తయింది.

ఫిబ్రవరి 7

ప్రశాంతంగా ఉంది.

ఫిబ్రవరి 9, గురువారం

పై వాటా టైలరమ్మ జాకెట్టు ఇవ్వడానికి దిగింది. "ఏంటక్కా, ఇల్లింత బోసిగా ఉంది? మీ పిల్లలు అరుస్తుంటే ఆ ఊపు మీద మిషను తొక్కేదాన్ని. ఇప్పుడు కాలు కదలట్లేదు" అంది. ఆవిడకి ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఇద్దరు పెద్దవాళ్ళు ఆలోచించి తీసుకున్న నిర్ణయమనీ, సమాజం అలవాటు పడాలనీ. అంతా విని, "అవునక్కా. చంకల దగ్గర కొంచెం వదులు పెట్టాను, చూసుకోండి" అంది.

బడి నుంచి వచ్చి పేచీ నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నువ్వు నా వంక చూస్తున్నావు."

"నిన్ను చూడటం నాకిష్టం తల్లీ."

"అలా కాదు. 'చూస్తే అరిగిపోతావా' అనాలి."

"చూస్తే అరిగిపోతావా?"

"కోపంగా అను."

కోపం నా వృత్తి. ఇరవై ఏళ్ళుగా దాంతోనే పత్రికలో పేరు సంపాదించాను. అన్నాను. అది తల అడ్డంగా ఊపింది.

"నీకు రాదు" అని లేచి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 12, ఆదివారం

ప్లీడరు వచ్చాడు. తల నున్నగా దువ్వుకుని, చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి ఒక పక్కకి జరిపి పెట్టాడు. ఈ ఇంట్లో పన్నెండేళ్ళు ఒక చెప్పు వరండాలో, ఒకటి వంటింట్లో విసిరినవాడు!

"మంచినీళ్ళు తాగొచ్చా?" అని అడిగాడు.

నన్ను.

కుర్చీ ఒకటే ఖాళీగా ఉంది. "నువ్వు కూర్చో అన్నయ్యా." "పర్లేదు, నువ్వు కూర్చో." "నేను ఇందాకటిదాకా కూర్చున్నాను." "నేను బస్సులో కూర్చునే వచ్చాను." ఇద్దరూ నిలబడే ఉన్నారు. నేను లోపలికెళ్ళి గిన్నెలు తోమాను. తోమిన గిన్నెలే.

మర్యాద నేర్చుకున్నారు. మంచిదేగా. దెబ్బలాడుకోవద్దని మొత్తుకుంది నేనేగా.

ఫిబ్రవరి 15

ఈ వారం పంచాయితీకి సరుకు లేదు. సబ్బు బిళ్ళ మీద ఇద్దరూ కొట్టుకున్నట్టు కల్పించి రాశాను. బాగా వచ్చింది. అదే భయంగా ఉంది.

ఫిబ్రవరి 19, ఆదివారం

సిగ్గులేని పని చేశాను. రాయక తప్పదు, ఇది నేను తప్ప ఎవరూ చదవరు కనక.

కేకు తెచ్చి నేనే కోశాను. కావాలనే ఒకటి అరచేయంత, ఒకటి బొటనవేలంత. పళ్ళెం మధ్యలో పెట్టి, పక్కగదిలోకి పోయి తలుపు సందులోంచి చూశాను. ఇప్పుడు చూద్దాం, ఎంతసేపు ఉంటుందో ఈ మర్యాద, అనుకున్నాను. చిలికి చిలికి గాలివాన కావాలని దేవుణ్ణి నమ్మనిదాన్ని దేవుడికి దణ్ణం పెట్టినంత పని చేశాను.

ప్లీడరు చేయి చాపి చిన్నముక్క తీసుకున్నాడు.

పేచీ పెద్దముక్కని సగం చేసి వాడి వైపు తోసింది. వాడు వద్దన్నాడు. ఆ సగం పళ్ళెంలోనే ఉండిపోయింది. చీమలు పట్టాయి.

ఫిబ్రవరి 20

కడుపు మండి రాశాను. పిల్లల మీద కాదు, మా మీద. విడాకులంటే రచ్చబండ అనుకునే ఈ సమాజం చెంప పగిలేలా. మా విడిపోవడం చూసి నేర్చుకోండని. కోర్టులు లేవు, శాపనార్థాలు లేవు, మా పిల్లలు బన్నుముక్క పంచుకునే చట్టంతోనే మేమూ పంచుకున్నాం: అతను కోశాడు, నేను ముందు ఎంచుకున్నాను. పిల్లల ఊసు ఎత్తలేదు. సామాను గురించే అన్నట్టు రాశాను.

సంపాదకుడు ఫోన్ చేశాడు. "మేడమ్, అదరగొట్టారు. ఇన్నాళ్ళకి మీ కోపమూ మీ నవ్వూ ఒకేచోట పడ్డాయి."

ఫిబ్రవరి 24, శుక్రవారం

అచ్చయింది. మధ్యాహ్నానికే పన్నెండు ఫోన్లు.

ఫిబ్రవరి 26, ఆదివారం

ప్లీడరు వచ్చాడు. చంకలో పత్రిక. బల్ల మీద ఆ పేజీ తెరిచి పెట్టాడు, నావైపు తిప్పి, నాకు తిన్నగా కనిపించేలా.

"అమ్మా, కొన్ని ప్రశ్నలు."

"అడుగు నాన్నా."

"కోసింది నాన్న. అవునా?"

"అవును."

"అంటే రెండు భాగాలు నీ ముందు పెట్టారు. ముందు తీసుకుంది నువ్వు."

"అవును, కానీ..."

"నేనొక దాంట్లో ఉన్నాను. చెల్లి ఇంకో దాంట్లో ఉంది."

"అలా అని నేను రాయలేదు."

"రాయలేదు. అందుకే అడుగుతున్నా."

"ఇది మీ ఇద్దరి మంచి కోసం ఆలోచించి, పెద్దవాళ్ళం..."

"అవునో కాదో చెప్పమ్మా. సాక్షి డొంకతిరుగుడుగా మాట్లాడితే ఒప్పుకోకూడదని నువ్వే నేర్పావు."

మంత్రుల్ని నిలబెట్టి అడిగినదాన్ని.

"అవును" అన్నాను.

"థాంక్స్" అన్నాడు. పత్రిక మడిచాడు.

పేచీ వాకిట్లోంచి ఎప్పుడొచ్చిందో, తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"అంటే అమ్మా, నేను పెద్దముక్కనా?" అంది.

వాడు దాని జుట్టు పీకాలి. "పెద్దముక్క కాదు, మాడుముక్క" అనాలి. అది కాలితో తన్నాలి.

"అవునే" అన్నాడు వాడు. చాలా మెల్లగా అన్నాడు.

మూడున్నర బస్సుకే వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 27, సోమవారం

పుస్తకాల కోసం కాదు.

బడి దగ్గరని కాదు, పేచీ చిన్నదనీ కాదు. జనవరి ఇరవై మూడున రాసినవన్నీ చదివాను. ఎంత చక్కగా రాశానో! ఒక్కటీ నిజం కాదు.

వాడు నాలా వాదిస్తాడు. నేను అడిగినట్టే అడుగుతాడు, పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటాడు, తప్పు ఒప్పుకోడు, ఒప్పుకోనివ్వడు. కాగితాలు చూసిన ఆ క్షణంలో నాకు ముందు తట్టింది ఇదే: ఇక పొద్దున లేచి వాదించక్కర్లేదు. హాయి. రెండు సెకన్లు. ఆ హాయిలోనే చేయి చాపాను.

సర్వేయరు నన్నెందుకు వదిలిపెట్టాడో, నేను వాణ్ణి అందుకే వదిలిపెట్టాను.

మార్చి 2, గురువారం

సర్వేయరు పనిచేస్తున్న చోటికి వెళ్ళాను. కొత్తగా వేసే రోడ్డు పక్కన ఎండలో, మూడు కాళ్ళ దుర్భిణి మీద వంగి ఉన్నాడు. దూరంగా ఒక మనిషి ఎరుపూ తెలుపూ కొలకర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఊరంతా ఎక్కడికక్కడ గీతలు గీసి వేరుచేసే పని. ఇన్నేళ్ళూ ఆ పని మీద జోకులు వేశాను.

"పిల్లల పేర్లు కాగితం మీద ఎలా రాశావు?" అన్నాను. పలకరింపు లేదు ఏమీ లేదు.

దుర్భిణిలోంచి తల ఎత్తలేదు. "నువ్వెలా చదివావు?"

"నేను అడిగింది ముందు చెప్పు."

"చెప్తా." తల ఎత్తాడు. కంటి చుట్టూ నల్లగా గుండ్రటి అచ్చు. "చించేస్తావనుకున్నాను. రెండూ చించి నా మొహాన కొట్టి, పిల్లల్ని పంచుతావురా చవటా అంటావనుకున్నాను. పదహారేళ్ళలో నేను చెప్పినదానికి నువ్వు నోరెత్తకుండా ఒప్పుకుంది ఆ ఒక్కసారే."

"నాకు పరీక్ష పెట్టావా?"

"ఏమో. పరీక్షేనేమో."

"పిల్లల్తో పరీక్ష!"

"అవును. తప్పే."

"నేను తీసుకోగానే ఆపొచ్చుగా. నాటకమని అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్తే వాదించేదానివి" అన్నాడు. నవ్వబోయాడు గానీ రాలేదు. "వాడు వారం నుంచి నాతో సరే తప్ప ఇంకో మాట అనడం లేదు. ఆ మాట అవతలివాళ్ళ నోట వింటే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది."

కొలకర్ర మనిషి అక్కణ్ణుంచి "సార్, కుడికా ఎడమకా?" అని కేకేశాడు.

తప్పులో సగం అతనిదే. అతనికీ అదే చెప్పి వచ్చాను. బస్సులో కూర్చున్నాక, "సగం" అన్న మాట గుర్తొచ్చి నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది. ఇంకా పంచుతూనే ఉన్నాను.

మార్చి 5, ఆదివారం

వాడు రాలేదు. పేచీని తీసుకుని నేనే వెళ్ళాను. మేడ మెట్ల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాడు. పేచీ లోపలికి వాళ్ళ నాన్న దగ్గరికి పోయింది.

మూడు మెట్లు కింద కూర్చున్నాను. వాదనలేవీ సిద్ధం చేసుకోకుండా వెళ్ళడం నా జీవితంలో ఇదే మొదలు.

"నాది తప్పు" అన్నాను. "ఇంటికి రా. ఇద్దరూ నా దగ్గరే ఉండండి."

"ఇప్పుడు రెండు కాగితాలూ కావాలా?"

"ప్లీడరూ..."

"అలా పిలవకు."

"సరే. పిలవను."

"నువ్వు సరే అంటే బాగోలేదు" అన్నాడు, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. తర్వాత, "నేను రాను. నీ మీద కోపంతో కాదు. వస్తే రోజూ అదే గుర్తొస్తుంది. నువ్వు నాకు అన్నం పెట్టినప్పుడల్లా గుర్తొస్తుంది" అన్నాడు.

వాడు పుస్తకం మూశాడు.

"చెల్లిని ఇక్కడ ఉండనియ్యి. దానికి ఉరుములంటే భయం. నీకు తెలుసా?"

"ఉరుములా?"

"వానొస్తే నా మంచం మీదకొచ్చి, దుప్పటి లాక్కున్నానని గొడవ పెడుతుంది. భయమని చెప్పుకోవడం దానికి నామోషీ. నేను తిడుతూ ఉంటే ఉరుము వినపడదు. అందుకని అది నిద్రపోయేదాకా తిట్టేవాణ్ణి. నువ్వు దాన్ని పత్రికలో జోకుగా రాశావు."

ముప్పైరెండు ఉత్తరాలు వచ్చాయి దానికి.

మార్చి 6

వానాకాలానికి ఇంకా మూడు నెలలుంది.

మార్చి 7

పిల్లనే అడుగుదామా, నీకెక్కడ కావాలని? ఇదివరకైతే అడిగేదాన్ని, పిల్లల అభిప్రాయం గౌరవించాలని పెద్ద వ్యాసం కూడా రాసేదాన్ని. అడగను. ఎంచుకున్న భారం ఈ ఇంట్లో ఇంకెవరి నెత్తినా పడకూడదు.

మార్చి 9

రెండు సెకన్ల హాయి కోసం.

మార్చి 11, శనివారం

జడ వేస్తూ చెప్పాను. మొహాలు ఎదురుబొదురుగా ఉంటే చెప్పలేనని.

"నన్ను పంపేస్తున్నావా?"

"అన్నయ్యతో ఉండాలి నువ్వు. ఆదివారాలు నా దగ్గరికి వస్తావు. ఇద్దరూ వస్తే ఇద్దరూ, లేకపోతే నువ్వు."

"నేనేం తప్పు చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు."

"అన్నయ్య చేశాడా?"

"లేదు."

"మరి ఎవరు చేశారు?"

"నేను."

జడ సగంలో ఉంది. అది తల తిప్పబోయింది, నేను తిప్పనివ్వలేదు.

"అయితే నన్నెందుకు పంపిస్తావు? తప్పు చేసినవాళ్ళు కదా పోవాలి?"

మా ఇంటి పంచాయితీలో పెరిగిన పిల్ల. న్యాయం దానివైపే ఉంది. రిబ్బను ముడి వేశాను. అది చేత్తో తడిమి చూసుకుని, "వంకరగా వేశావు" అంది. విప్పి మళ్ళీ వేశాను. మళ్ళీ వంకరే వచ్చింది. రిబ్బను నాకు సరిగా కనపడలేదు.

మార్చి 12, ఆదివారం

దింపి వచ్చాను.

ప్లీడరు (పిలవనన్నాను, రాయనని అనలేదు) మెట్లు దిగొచ్చి సంచీ అందుకున్నాడు. "గోడవైపు కావాలా, తలుపువైపు కావాలా?" అని చెల్లిని అడిగాడు. "నీ ఇష్టం అన్నయ్యా" అంది అది. "కాదు, నీ ఇష్టం." "నాకెక్కడైనా పర్లేదు."

ఇద్దరూ ఒక ఇంట్లోకి వెళ్ళారు, పక్కపక్కనే, పెళ్ళికొచ్చిన దూరపు చుట్టాల్లా.

తాళం తీసి ఇంట్లోకి రాగానే, ఇది కూడా తప్పేనేమో అనిపించింది. దాన్నీ పోగొట్టుకుని, వీళ్ళనీ కలపలేక, రెంటికీ చెడ్డదాన్నేమో.

మార్చి 14

"పంచాయితీ" ఆపేస్తున్నానని సంపాదకుడికి చెప్పాను.

"మేడమ్, పాఠకులు మీ పిల్లల్ని సొంతపిల్లల్లా చూసుకుంటున్నారండీ!"

"చూసుకోమనండి. నేను చూసుకోలేదు."

"పోనీ ఇంకా ఏవైనా పాత గొడవలుంటే..."

ఫోన్ పెట్టేశాను. పాత గొడవలు! చింపిన బొమ్మలు, దాచిన పెన్సిళ్ళు, పీకిన జుట్లు, నేను నవ్వుకున్నవి, నవ్వించినవి. ఒక్కోటీ తిప్పి చూస్తున్నాను, వెనకేముందోనని. స్నానాల గదికి ముందెవరని రోజూ కొట్టుకునేవాళ్ళు. వాడు గెలిచి ముందు వెళ్ళేవాడు. అది వెళ్ళేసరికి బక్కెట్టు నిండి, బల్లి ఉంటే తరిమేసి ఉండేది. అది కూడా జోకేననుకున్నాను.

మార్చి 16

పై వాటా మిషను చప్పుడు కూడా ఇవాళ లేదు. టైలరమ్మ ఊరెళ్ళిందట.

మార్చి 18

ఫోన్ రాలేదు. చెయ్యలేదు.

మార్చి 19, ఆదివారం

ఈ వారం పేచీకి జలుబు, వచ్చే ఆదివారం తెస్తానని సర్వేయరు పొద్దున కబురు పెట్టాడు. మధ్యాహ్నం రెండింటికి ఫోన్ మోగింది. ఆ ఇంటి నంబరు.

"అమ్మా!" పేచీ. ముక్కు పట్టేసి గొంతు బొంగురుగా ఉంది. "అన్నయ్య ఫ్యాను మోసం చేస్తున్నాడు!"

"ఫ్యాను మోసమేమిటే?"

"అది అటూ ఇటూ తిరిగే ఫ్యాను కదా. వాడి వైపు ఏడు లెక్కపెట్టేదాకా ఆగుతోంది. నా వైపు ఐదే! వాడే ఏదో చేశాడు!"

వెనకనుంచి ప్లీడరు గొంతు. "అది త్వరత్వరగా లెక్కపెడుతోంది. పైగా జలుబు దానికి, ఫ్యానెందుకు?"

"జలుబు నా ముక్కుకి! ఉక్క నా ఒంటికి!"

"నీ ముక్కు నీ ఒంటిది కాదా? అద్దెకి తెచ్చావా?"

"అమ్మా, చూడు!"

ఫోన్ గుంజుకున్న చప్పుడు. "అమ్మా, దాని మాట వినకు, ఫ్యాను ముందు పెట్టుకుంది నేను" అన్నాడు. వారాల తర్వాత నాకు వాడి నోట "అమ్మా" వినపడింది. వాడు అన్నానని గమనించుకున్నట్టు లేదు.

"ఇటివ్వు! నేను మాట్లాడుతున్నా!"

"ఇవ్వను పో."

"ఇదేమైనా నీ అబ్బ ఇల్లా?"

"అవును, మా అబ్బ ఇల్లే!"

"మా అబ్బ ఇల్లు కూడా!"

"అయితే మీ అబ్బకే చెప్పుకో!"

దబ్బుమని ఏదో పడింది. ఫోనే అనుకుంటా, నేల మీదో మంచం మీదో. తీసినవాళ్ళు లేరు. దూరంగా రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. దిండు దెబ్బలు. "జుట్టు వదులు!" "ముందు నువ్వు వదులు!" "ఇద్దరం ఒకేసారి. ఒకటి, రెండు..." "మూడన్నా వదల్లేదు దొంగా!" పేచీ కిసుక్కున నవ్వి, నవ్వు దాచుకోవడానికి ఇంకా గట్టిగా అరిచింది.

ఎవరిది తప్పో నాకు తెలుసు. మొదటి నిమిషంలోనే తెలిసింది. నన్నెవరూ అడగలేదు.

ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను. నేనున్నానని గుర్తొస్తే ఆపేస్తారేమోనని గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు.